నూకయ్య బావ బెల్లం డబ్బా

బెల్లం పేరెత్తితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మా బావ నూకయ్యను పొట్టన పెట్టుకున్నది యాసిడ్ పొగే, కాదనను. ఆ పొగకు తోడుపోయింది మాత్రం బెల్లమే.

రైల్వేవాళ్ల పాత కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పుట్టి పెరిగిన మనిషి బావ. రైల్వే వర్క్‌షాపులో ముప్పై అయిదేళ్లు ఇనుము పోతపోసే పని చేశాడు. డ్యూటీ దిగగానే బొటనవేలంత బెల్లంముక్క నోట్లో వేసుకోవడం అక్కడి పాతవాళ్ల అలవాటు. గొంతులో దుమ్మంతా దాంతోపాటు దిగిపోతుందట! రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఇందా అనే పేట అవతల ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరాడు. ఇత్తడి సామాన్లను యాసిడ్‌లో ముంచి మెరుగుపెట్టే పని. బెల్లం డబ్బా కూడా వెంట పట్టుకెళ్లి అందరికీ పంచేవాడు; అక్కడివాళ్లకు ఆయన దాదా, అంటే పెద్దన్న. పనివాళ్లు మాస్కులు అడిగినప్పుడల్లా యజమాని, "నూకయ్యదాదా బెల్లం ఉందిగా!" అని నవ్వేవాడు. నవ్వడూ మరి!

ఒకరోజు పొద్దున్న నైట్రిక్ యాసిడ్ క్యాను పగిలింది. తడి పీల్చుకుంటుందని ఎవరో దానిమీద రంపపు పొట్టు చల్లారు. చల్లగానే గోధుమరంగు పొగ లేచి గదంతా నిండింది. లోపలున్న బావా, తోటి పనివాడు ఉమాశంకరూ దగ్గుకుంటూ బయటపడ్డారు. కబురందుకుని నా ఆటో వేసుకుని వెళ్లాను. అప్పటికి బావ దగ్గు తగ్గి, గట్టుమీద కూర్చుని బెల్లం చప్పరిస్తున్నాడు.

"ఆస్పత్రికెల్దాం మావయ్యా, ఈ పొగ మంచిది కాదంట," అన్నాడు ఉమాశంకర్.

"ఓరి పిరికోడా! పొగకి సస్తే నానెప్పుడో సచ్చుందును. బెల్లం తినీసినాను, దగ్గు పోనాది. ఏటిరా గణపతీ, నాకేటైనా అయినట్టుందేటి?"

"నీకేటవుద్ది బావా!" అని నేనూ పకపకా నవ్వాను. ఉమాశంకర్ ఒక్కడే ఆస్పత్రికి పోయాడు. నేను బావను ఇంట్లో దింపేశాను.

దీపాలు పెట్టేవేళకు ఆయాసం మొదలైంది. అక్క అప్పలనర్సమ్మ వీపు రాస్తుంటే బావ దగ్గాడు. ఎర్రజీర నురగ పడింది. పెదాలు నీలంగా మారాయి.

"ఓర్నాయనో! తమ్ముడా, ఆటో తియ్యరా!"

ఆస్పత్రిలో డాక్టరు నామీద కేకలేశాడు. ఆ వాయువు ఊపిరితిత్తుల్లో తడికి తగిలి యాసిడ్‌గా మారుతుందట, లోపలి పొరను కాల్చేస్తుందట. దగ్గు తగ్గి బాగున్నట్టే ఉంటుంది, కానీ కొన్ని గంటల్లో నీరూరి ఊపిరి ఆడే చోటంతా నిండిపోతుందన్నాడు. బెల్లం పోయేది పొట్టలోకి, ఊపిరితిత్తుల్లోకి కాదన్నాడు. పొద్దున్నే ఎందుకు తేలేదని అడిగాడు.

బావ ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. ఇన్నేళ్ల పనిలో ఆయన పెట్టుకున్న మొదటి మాస్కు అదే. మూడోరోజు దాన్ని తీసేశారు.

రెండురోజులు వైద్యం చేయించుకుని బతికి బయటపడ్డ ఉమాశంకర్, పదోరోజున గుమ్మంలో తల దించుకు నిలబడ్డాడు.

"నువ్వెందుకు తల దించుకుంతావు బాబూ? నీలాగ ఆ మడిసీ బయపడుంటే నా బొట్టు నిలిసేది," అంది అక్క.

అంతలో యజమాని పంపిన మనిషి బుట్టెడు బెల్లం తెచ్చి బావ ఫోటో ముందు పెట్టాడు. ఇకమీదట పనివాళ్లకు బెల్లం కంపెనీయే ఇస్తుందట, దాదా పేరుమీద! వాడి చెంప పగలగొడదామని లేచాను.

అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఆ పొద్దు మీ బావ అడిగితే నువ్వేటన్నావురా తమ్ముడా?" అని అడిగింది.

కూర్చుండిపోయాను.