సయాం యుద్ధం కథలో దాచిన మాట

నా చిన్నప్పుడు మా ఊరి నుంచి బర్మాలోని రంగూన్ వెళ్ళినవాళ్ళు ఇద్దరే. ఒకరు మా నాన్న, రెండోవాడు ఎదురింటి బాబాయి. మాచవరం దగ్గర మాది మెట్ట పల్లె. వానలు లేని ఒక ఏడాది ఇద్దరూ కలిసి వెళ్ళి, అక్కడ బియ్యం మిల్లులో బస్తాలు మోసే పనిలో కుదిరారు. జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారన్న కబురు తరువాత ఉత్తరాలు ఆగిపోయాయి. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

ఎండాకాలం చివర్లో బాబాయి ఒక్కడే తిరిగి వచ్చాడు. కొండలూ అడవులూ వారాల తరబడి నడిచి వచ్చిన మనిషి. కాళ్ళ నిండా పుండ్లు, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. మా అమ్మ పరుగెత్తుకెళ్ళి అడిగితే, తల ఎత్తకుండానే, "వెనక వస్తన్నాడు వదినా. జరమొచ్చి ఒక ఊళ్ళో ఆగాడు" అన్నాడు.

ఆ మాట పట్టుకుని మా అమ్మ రెండు నెలలు బతికింది. ఉన్న కాసిని జొన్నల్లోనే నాన్న వాటా కూడా వండేది. తను గంజి తాగి ఊరుకునేది. బస్సు వచ్చే వేళకు రోడ్డు మీద నిలబడేది. చిరిగిన బట్టలతో ఏ బాటసారి కనబడినా ఎదురెళ్ళి మొహంలోకి చూసేది. ఆదివారం మా ఏసు గుడిలో, ప్రార్థనలో లేచి, నా భర్తను క్షేమంగా చేర్చు ప్రభువా అని ఏడ్చేది. బాబాయి మాత్రం గుడికి రావడమే మానేశాడు.

నాన్నను చివరగా చూసినవాడని, రోజూ మధ్యాహ్నం నా చేత అతనికి మజ్జిగ పంపేది అమ్మ. నేను పక్కన కూర్చుని, నాన్న ఎంత దూరంలో ఉన్నాడని అడిగేదాన్ని. ఒకరోజు దానికి బదులుగా, బర్మా వాళ్ళకూ, ఇప్పుడు థాయ్‌లాండ్ అంటున్న సయాం వాళ్ళకూ పూర్వం జరిగిన యుద్ధం కథ మొదలుపెట్టాడు.

బర్మా సైన్యం సయాం రాజధానిని చుట్టుముట్టిందట. ఊరి చుట్టూ నది. వానాకాలంలో మన కృష్ణకు వచ్చినట్టు వరద వస్తుంది, శత్రువు తట్టాబుట్టా సర్దుకుని పోతాడని కోటలో జనం ఆశపడ్డారు. వరద వచ్చింది. వాళ్ళు పోలేదు. మెరక మీద గుడారాలు వేసుకుని, పడవల్లో కాపలా కాశారు. ఏడాది దాటేసరికి కోటలో గింజ లేకుండా పోయింది. చివరికి గోడ కింద తవ్వి, కట్టెలు పేర్చి నిప్పు పెట్టి కూల్చారు. ఊరంతా తగలబెట్టారు. మన అమరావతి బుద్ధుడే వాళ్ళకూ దేవుడట. ఒంటి మీద ఉన్న బంగారం కోసం ఆ విగ్రహాన్నీ మంటల్లో కరిగించారు. మిగిలిన జనాన్ని, నాట్యం చేసేవాళ్ళనూ కంసాలులనూ పిల్లలనూ, అడవుల వెంట బర్మాకు నడిపించారు.

ఆ నడకలో ఇద్దరు స్నేహితులున్నారన్నాడు. ఒకడికి జ్వరం వచ్చింది. రెండోవాడు రెండు రోజులు భుజాన మోశాడు. మూడోరోజు కాళ్ళు ఆడలేదు. ఒక వాగు పక్కన పడుకోబెట్టి, గుంపుతో కలిసి వెళ్ళిపోయాడు. ముందు గుంపులో జ్వరం వచ్చినవాడి భార్య ఉంది.

"ఆమె అడిగింది పాపా, మా ఆయనేడీ అని. వాడికి నోరు రాలా. వెనక వస్తన్నాడని చెప్పాడు. ఇంకేముంది, వెనక్కి చూస్తా చూస్తా నడిచింది, పిచ్చిది."

నా చేతిలో చెంబు చల్లగా ఉంది. వెనక వస్తన్నాడన్నది మా అమ్మకు చెప్పిన మాటే.

"మా నాన్న రాడా బాబాయ్?"

తుండు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ తుండు కదలడం చూసి నాకు అర్థమైంది. ఏడుపు రాలేదు. రోడ్డు మీద నిలబడ్డ మా అమ్మే కళ్ళ ముందు కనబడింది. అతని చెయ్యి పట్టుకుని లాగాను.

"మా అమ్మకి నువ్వే చెప్పు."

వీధి దాటడానికి అతనికి చాలాసేపు పట్టింది. అమ్మ జొన్నలు చెరుగుతోంది. బాబాయి గుమ్మం ముందు నిలబడి, కథ లేకుండా, సయాం లేకుండా, నాన్నను వాగు పక్కన వదిలి వచ్చానని ఉన్నదున్నట్టు చెప్పాడు. అమ్మ చేట కింద పెట్టింది.

"నీళ్ళు తాగాడా?" అని అడిగింది.

"తాగాడు వదినా. దోసిలితో పట్టిచ్చా. నన్ను పొమ్మని ఆయనే అన్నాడు."

అప్పుడు లేచి రెండు చేతులతో అతని గుండె మీద కొట్టింది. "ఇన్నాళ్ళు రోడ్డున నిలబెట్టావు గదరా నన్ను! ఇన్నాళ్ళు!" బాబాయి కదల్లేదు. కొట్టి కొట్టి అతని పుండ్ల కాళ్ళ దగ్గరే కూలబడింది. ఆ సాయంత్రం మా అమ్మ, రెండు నెలల తరువాత, కడుపు నిండా అన్నం తిన్నది. ఏడుస్తూనే తిన్నది.

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. ఆ రాజధాని ముట్టడి నిజంగా జరిగిందని తరువాత తెలిసింది. ఆ ఇద్దరు స్నేహితులు మాత్రం బాబాయి కల్పన. ఆసుపత్రి వరండాలో నా దారి కాచుకుని కూర్చున్నవాళ్ళ ముందుకు, మనిషి పోయిన కబురు మోసుకుని ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఫరవాలేదమ్మా అని దాటిపోవడం ఎంత సులువో నాకు తెలుసు. బాబాయి రెండు నెలలు ఎందుకు చెప్పలేకపోయాడో ప్రతిసారీ ఆ క్షణాన అర్థమయ్యేది. అయినా పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఉన్నమాట చెప్పేదాన్ని. వాళ్ళు కొడితే కొట్టనిచ్చేదాన్ని.