మళ్ళీ చూసే మేస్త్రి

నేను గ్రైండింగ్ చేసి పక్కన పెట్టిన ప్రతి స్కీనీ మా మేస్త్రి మళ్ళీ తీసి చూసేవాడు. కస్టమర్ల ముందే చూసేవాడు. ఆ మంట నాకు ఏళ్ళుగా ఉంది. పోయిన మంగళవారం టోవా పాయోలోని తన ఫ్లాట్‌లో ఆయన నిద్రలోనే పోయాడు. మంట మాత్రం పోలేదు. ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

మంచు పడని సింగపూర్‌లో స్కీలతో ఏం పని అంటారు. సెలవులకు జపాన్ వెళ్ళి మంచు మీద జారి వచ్చేవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. వాళ్ళు కాళ్ళకు కట్టుకునే స్కీ పలకల అడుగు గీసుకుపోతుంది, అంచు మొద్దుబారుతుంది. ఆంగ్ మో కియోలోని మా షాపులో ఆ అడుగును తిరిగే రాయి మీద చదును చేసి, అంచుకు పదును పెట్టి, మైనం పూస్తాం. తువాస్‌లో ఓడల ఇనుము అరగదీసుకునే నన్ను ఈ పనికి లాక్కొచ్చింది ఆయనే. ఇద్దరిదీ శ్రీకాకుళం వైపే.

తన బల్ల దగ్గర నిలబడి, స్కీ అడుగు మీద స్టీలు బద్ద నిలబెట్టి కిటికీ వైపు ఎత్తేవాడు. బద్ద కింద వెలుతురు కనబడిందంటే అక్కడ పల్లం ఉన్నట్టే. తర్వాత అంచు మీద గోరు గీసేవాడు. గోరు పొడి రాలితేనే పదును. ఆయన గోళ్ళు ఎప్పుడూ అరిగే ఉండేవి.

ఒకరోజు తగులుకున్నాను. "నా పని మీద నమ్మకం లేదేటి?"

"నీ పనెవుడు సూత్తన్నాడ్రా? నాను రాయిని సూత్తన్నాను. పొద్దుటి రాయి సాయంత్రానికి అలాగుండదు, అరిగిపోద్ది. అది నోరిప్పి సెప్పదు, స్కీయే సెప్పాల."

ఆ జవాబు నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. అయినా ఆయన చూసి పంపిన జత ఒక్కటీ బాగాలేదని వెనక్కి రాలేదు.

ఒకసారి ఓ కస్టమర్ ఆయన్ని జపాన్ తీసుకెళ్ళాడు. తిరిగొచ్చాక మంచు ఎలా ఉందని అడిగాను.

"మంచు బాగుందిరా. మన పనినే అట్టుకెళ్ళి రాళ్ళకేసి రుద్దేత్తన్నారు ఎదవలు!"

కిందటేడు కళ్ళు మసకబారాయి. బద్ద నా చేతిలో పెట్టి, "నాకు ఆనట్లేదు. నువ్వు సూడు," అన్నాడు.

చూశాను. "వెలుతురు లేదు మేస్త్రీ."

ఆయన మళ్ళీ చూడలేదు. మైనం కరిగించుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆ జతని నేనే ఇంకోసారి ఎత్తి చూశాను.

అంత్యక్రియలు అయిన మర్నాడే, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర ‘లా’ తగిలించే మా ఓనరు, టౌకే అంటాం, నా దగ్గరికొచ్చాడు. "అంకుల్, కొత్త మిషన్ వస్తోంది లా. ఇంక చేత్తో చెకింగ్ అక్కర్లేదు. ఆ చెకింగ్ బల్ల తీసేద్దాం."

టౌకే, ఇది నీకు ఎవరో ఒకరు చదివి చెబుతారు. మిషన్ తెచ్చుకో, నాకేం. షాపు దాటే ముందు స్కీని ఎవరు చూస్తారు? శనివారం లోగా చెప్పు. ఎవరూ చూడరనేటట్టయితే, అదీ నా మొహం మీదే చెప్పు.