ఎరువుల పుస్తకంలో రాజకుమారుడు

ఆ రోజుల్లో గ్రంథాలయం ఎంత గొప్పగా ఉండాలో నాకు బాగా తెలుసు. ఎందుకంటే నేను పనిచేసినదానిలో ఆ గొప్పలేవీ లేవు. చొప్పదండి దాటాక ఒక నేతగాళ్ల ఊళ్లో కొత్తగా చేరిన గ్రంథపాలకుణ్ణి. పాలించడానికి ఒక చెక్క బీరువా, నలభై పుస్తకాలు. నేతవాళ్ల చేతులు మగ్గం మీద, కాళ్లు మగ్గం గుంతలో ఉంటాయి కనుక వాళ్లు రారు. నేనే మగ్గాల మధ్య కూర్చుని చదివి వినిపించాలి. ఆర్నెల్లకు కథల పుస్తకాలన్నీ అయిపోయి, సర్కారు పంపిన ఎరువుల తయారీ పుస్తకం ఒక్కటే మిగిలింది. "గుంత మూడడుగుల లోతు తవ్వవలెను" అని చదివానో లేదో, ఇదేం కథ అన్నట్టు మగ్గాలన్నీ ఆగిపోయాయి. భయపడి, పుస్తకంలో ఉన్నట్టే చదువుతూ, ఆ గుంతలోకి మెట్లు పెట్టి, ఒక రాజకుమారుణ్ణి దింపాను. అడుగున మాంత్రికుడి గ్రంథాలయం: ఏడు వేల బీరువాలు, అన్నింటికీ తాళంచెవులు (మా బీరువాకు లేదు), పేరు పిలిస్తే నడిచొచ్చే పుస్తకాలు, ఇంకా ఎవరూ రాయని పుస్తకాలకు వేరే గది. వానకు కారని కప్పు కూడా ఉందన్నాను గానీ, అది మాత్రం ఎవరూ నమ్మలేదు.

రెండు నెలల తర్వాత తనిఖీ అధికారి వచ్చాడు. నన్ను ఖాయం చేయడమో, ఇంటికి పంపడమో ఆయన చేతిలో ఉంది. ఇంటికి పోతే మా బాపు మక్కచేను కాపలాకు పంపుతాడు. అక్కడి పిట్టలకు కథలక్కర్లేదు. అధికారి మగ్గాల దగ్గరికొచ్చి, "మీకు బాగా నచ్చిన పుస్తకమేది?" అని అడిగాడు. అక్షరం ముక్క రాని నేత తాత నా చేతిలోని ఎరువుల పుస్తకం లాక్కుని ఆయనకిచ్చాడు.

"గిదే సాబ్! జర సదువుండ్రి, కండ్లల్ల నీళ్లొస్తయ్."

"పేడ ఒక పొర, ఆకులు ఒక పొర..." అని అధికారి మొదలుపెట్టగానే తాత మొహం మాడింది.

"మీకు సదువుడు వస్తలేదు సాబ్. మా సారు సదివితే గా గుంతల మెట్లుంటయ్. మీరు పెండ కాడ్నే ఆగిపోయిన్రు."

అధికారి నన్నూ పుస్తకాన్నీ మార్చి మార్చి చూసి, దాన్ని నా చేతిలో పెట్టి "మీరు చదవండి" అన్నాడు. మెట్లతో సహా చదివాను, రాజకుమారుడు ఆ రాయని పుస్తకాల గది తలుపు మీద చేయి వేసేదాకా. ఆయన బస్సు ఎప్పుడో పోయింది (ఆయన చూసుకోలేదు).

నెలకు ఉత్తర్వులొచ్చాయి. ఈ గ్రామస్థులకు ఎరువుల మీద అపారమైన ఆసక్తి ఉందట, అందుకు నన్ను ఖాయం చేశారు. ఆసక్తి చల్లారకుండా అదే పుస్తకం మరో యాభై ప్రతులు పంపారు. ఇంత సమర్థుణ్ణి ఒక్క ఊళ్లో ఉంచకూడదని వెంటనే బెల్లంపల్లికి బదిలీ కూడా చేశారు. సర్కారు తెలివిని నేనేనాడూ శంకించలేదు. బస్సు దగ్గరికి తాత వచ్చాడు.

"గా గుంతల దిగిన పిలగాడు ఇంక బయటికి రాలే గద సారూ?"

"వచ్చి చెబుతా తాతా."

మళ్లీ ఆ ఊరికి పోలేదు. ఆ తర్వాత తాళంచెవులున్న పెద్ద గ్రంథాలయాల్లోనే పనిచేశాను, వాటిలో నన్ను చదవమని అడిగినవాడు లేడు. తాత పోయాడని విన్నప్పుడు ఏడ్చాను. ఎప్పటికైనా ఆ కథ రాస్తానని ఇంట్లో చెబుతూనే ముసలివాణ్ణయ్యాను. రాజకుమారుడు ఇంకా ఆ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. తెరిస్తే పాపం, లోపల మొదటి బీరువాలో వాడికి కనిపించేది నా పుస్తకమే.