లెక్క ప్రకారం తప్పిన రైలు

మొన్న ఫిజిక్స్ పరీక్షకు నేను వికారాబాద్ ఎలా చేరానో మా క్లాసు మల్లేశం మీకు ఈపాటికి చెప్పే ఉంటాడు. వాడు కొంచెం కలిపి చెబుతాడు. అసలు సంగతి అంతకంటే అన్యాయం, నన్నడగండి!

మా బాపు ముందే చెప్పేశాడు: "గీసారి పాసైతే చదువు, లేకుంటే గొర్ల వెంట పో." అందుకే తెల్లారగానే తాండూరు స్టేషన్‌కు చేరాను. మల్లేశం ముందు డబ్బాలో సీటు పట్టి, నా సంచి కూడా తన దగ్గరే పెట్టుకున్నాడు. నేనూ వెళ్లి కూర్చోవచ్చు కదా! టీ కొట్టు దగ్గర మా క్లాసువాళ్లు ఇద్దరు యాక్సిలరేషన్ లెక్కలు రావడం లేదని బిక్కమొహాలు వేసుకుని కనబడ్డారు. ఇక నా నోరు ఊరుకుంటుందా?

ప్లాట్‌ఫాం బండ మీద బొగ్గుముక్కతో మొదలుపెట్టాను.

"చూడుండ్రి. మల్లేశం నిలబడ్డ తలుపు మనకు తొంభై ఆరడుగుల దూరం అనుకోండ్రి. రైలు రెస్ట్ నుంచి కదిలి, సెకండు సెకండుకు ఒక్క అడుగు వేగం పెంచుకుంటది. నేను సెకండుకు పదహారడుగులు ఉరుకుత. ఎప్పుడు అందుకుంట? ఎనిమిది సెకండ్లకు!"

"ఇరవై నాలుగని ఇంకో జవాబు గూడ వస్తున్నది గదరా?"

"గది కొట్టెయ్. ఒక్కసారి ఎక్కినోడు మళ్లెందుకు ఎక్కుతడు?"

ఈలోగా రైలు కూత వేసింది. తల ఎత్తితే పక్కన వాళ్లిద్దరూ లేరు. అక్కడ మల్లేశం తలుపులోంచి అరుస్తున్నాడు.

"రారా! కదుల్తున్నది!"

"ఫికర్ జేయకు, లెక్క అయింది!"

చేతులు దులుపుకుని ఉరికాను. నిజం చెప్పొద్దూ, లెక్క అచ్చంగా కుదిరింది. తలుపు అందింది! కానీ అప్పటికి తలుపులో మల్లేశం ముందు ఒక తాత వచ్చి కూర్చున్నాడు. ఆయన ముందు కోళ్ల గంప.

"తాతా, జర జరుగు!"

"ఆగు కొడుకా, కోళ్లు బెదురుతయి."

ఆగడమేమిటి! ఊపులో తలుపు దాటి ముందుకు వెళ్లిపోయాను. రైలుకంటే నేనే ఫాస్ట్! ఆ గొప్ప ఎంతోసేపు నిలవలేదు. ఇంజను ఊపందుకుంది. పక్కకు చూస్తే మళ్లీ అదే తలుపు, అదే గంప, అదే తాత.

"మళ్లొచ్చినవా?" అన్నాడు.

కొట్టెయ్యమన్న జవాబు అదే! మల్లేశం తాత మీదుగా చెయ్యి చాచాడు గానీ ఇప్పుడు రైలే నాకంటే ఫాస్ట్. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతుంటే మిగతా డబ్బాలు ఒకదాని వెనక ఒకటి దాటిపోయాయి. చివర్లో గార్డు నన్ను చూసి నవ్వాడు.

బయట వికారాబాద్ వైపు వెళ్లే బండల లారీ దొరికింది. "అన్నా, జర జల్ది!" అంటే, "బండలు పలిగితే నువ్వచ్చి అతికిస్తవా?" అన్నాడు డ్రైవరు. పరీక్ష మొదలైన పావుగంటకు హాలు తలుపు దగ్గర నిలబడ్డాను, నెత్తి నుంచి కాళ్ల దాకా బండల దుమ్ముతో. మల్లేశం నా సంచిలోని హాల్ టికెట్ సారుకు ముందే ఇచ్చి ఉంచాడు.

లేటెందుకని అడిగాడు ఇన్విజిలేటర్ సారు. రెండు జవాబులతో సహా మొత్తం చెప్పాను. ఎంత బాగా లెక్కేశావురా అంటాడేమోనని చిన్న ఆశ కూడా.

"సరే, లోపల్కి రా. గని ఒక్కటి చెప్పు. నువ్వు రాసేటప్పుడు నీ ఎదురుంగ ఏముండె?"

"రైలే సార్. ఇంకో డబ్బా."

"దానికి తలుపు లేకుండెనా?"

"ఉండె సార్."

"మరి నీ దగ్గర లెక్క నేర్సుకున్నోళ్లు ఎట్లొచ్చిన్రు?"

తల తిప్పాను. ఇద్దరూ పేపర్ల మీదికి వంగి, భుజాలు ఊగేలా నవ్వుతున్నారు. ఆ తలుపులోంచే ఎక్కారట.

నెత్తి మీది దుమ్ము దులుపుకుని అన్నాను:

"లెక్కల రైలు పొడవు ఇయ్యలేదు సార్."