తొమ్మిదో నిమిషం

మా ట్రైనింగ్ కాలేజీలో ఆమెను అందరూ మొద్దమ్మాయి అనేవారు. వయసు యాభై ఆరు, ఉద్యోగం ఆయా. ఆ పేరు పెట్టింది నేనే. పిలిచినప్పుడల్లా ముసిముసిగా నవ్వేది కాబట్టి తప్పనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు పడిపోయినా బాగుండేదనిపిస్తుంది.

కాబోయే టీచర్లకు నేను నేర్పేది నాటకం. వేదిక మీద ఆడేది కాదు. తరగతిలో రకరకాల పిల్లలుంటారు కదా: ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్ళు, చెవులు సరిగ్గా వినబడనివాళ్ళు, వారంలో మూడు రోజులు బడికే రానివాళ్ళు. అలాంటి పిల్లగా ఒకరు నటించాలి, ఇంకొకరు టీచరై పాఠం చెప్పాలి. పది నిమిషాల్లో ఆ పిల్లకి పాఠం అర్థమైతేనే పాసు. వెనక బెంచీలో గడియారం, మార్కుల కాగితం పెట్టుకుని నేను కూర్చుంటాను. చిక్కల్లా ఏమిటంటే, టీచరు వేషానికి అందరూ ఎగబడేవారు. అర్థంకాని పిల్ల వేషానికి ఒక్కరూ లేచేవారు కాదు. పరువు తక్కువట. పందొమ్మిదేళ్ళ కిందట ఒకరోజు ఒళ్ళు మండి, హాలు ఊడవడానికి వచ్చిన ఆయాని లాక్కొచ్చి బెంచీలో కూర్చోబెట్టాను.

అమ్మో, ఏం చేసిందని. పెన్సిలు కొరికింది, కిటికీలోంచి చూసింది, పక్కవాళ్ళ సంచిలో చెయ్యి పెట్టింది. టీచరు వేషం కట్టినవాడికి తల ప్రాణం తోకకొచ్చింది. ఏడో నిమిషానికి వాడి చొక్కా తడిసిపోయింది. తొమ్మిదో నిమిషంలో ఆమె తలెత్తి, "అర్థమైంది టీచర్" అంది. హాలంతా చప్పట్లు.

ఆ రోజు నుంచీ ఆ వేషం ఆమెదే. ఎవరు పాఠం చెప్పినా, ఏ పాఠం చెప్పినా, తొమ్మిదో నిమిషంలో ఆమెకు అర్థమైపోయేది. అదేం మాయ అని నేను అడగలేదు. నా బ్యాచీలన్నీ పాసవుతున్నాయి, నాకు మంచి పేరొస్తోంది, మధ్యలో నాకెందుకొచ్చిన గొడవ అనుకున్నాను.

మొన్న ఒక మధ్యాహ్నం ఆమె నా గదికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"మేడం, మా మనవరాల్ని బళ్ళోంచి పంపేస్తారంట."

ఏడేళ్ళ పిల్ల. చెవికి మిషను పెట్టినా సగం మాటలు అందవు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మిగతా సగం పోల్చుకుంటుంది. టీచరు బోర్డు వైపు తిరిగిందంటే ఆ పిల్లకి ఆ రోజు పాఠం అయిపోయినట్టే. తల్లి కుట్టు ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తుంది, తండ్రి లేడు, అమ్మమ్మ చంకలోనే పెరిగింది. ఇప్పుడు రైల్లో ఒక పగలంతా పోతే గాని రాని ఊళ్ళో, చెవిటి పిల్లల హాస్టల్లో చేర్చమంటున్నారట.

"చీకట్లో దానికి పెదాలు కనపడవు కదా మేడం. ఏం మాట్లాడుతున్నానో తెలీక చేత్తో నా నోరు తడుముకుంటుంది. అక్కడ ఎవరి నోరు తడుముకుంటుంది?"

"టీచరెవరు?" అన్నాను.

"మీ దగ్గర చదివినామేనండి, పొడుగు జడ అమ్మాయి. ఆమెకి నేనే పిల్లగా కూర్చున్నా. మీరు ఫుల్ మార్కులేశారు. మీ మాటంటే ఆమెకి గురి. ఒక్కసారి వచ్చి చెప్పండి మేడం, మీ కాళ్ళు పట్టుకుంటా."

వెళ్ళాను. ఆయానీ మనవరాల్నీ వెంటబెట్టుకుని పెద్ద గొప్పగానే వెళ్ళాను, నా మాట కాదంటారా అని.

హెడ్మిస్ట్రెస్ బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది. పిల్లను మా ఇష్టంతో మేమే మాన్పించుకుంటున్నాం అని రాసి, సంతకానికి చోటు వదిలారు. "మేమేం గెంటెయ్యడం లేదండి, మంచికే సలహా చెప్తున్నాం. క్లాసు టీచరు ఉంచుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదు" అందావిడ.

పొడుగు జడ అమ్మాయి కళ్ళు లోతుకుపోయి ఉన్నాయి. "యాభై ఎనిమిది మంది మేడం. అయినా రోజూ పది నిమిషాలు దీని పక్కనే కూర్చుంటున్నా, మీరు నేర్పినట్టే. ఈ ఆయమ్మకి తొమ్మిది నిమిషాల్లో అర్థమైపోయేది. దీనికి నాలుగు నెలల్నుంచి ఒక్కసారీ కాలేదు. చెవి కాదు మేడం, మొండితనం. కావాలనే చేస్తోంది."

ఆయా మనవరాలి చెయ్యి వదిలి ముందుకొచ్చింది.

"నాకెప్పుడూ అర్థం కాలేదమ్మా. ఆ భిన్నాల లెక్కలు నాకేం తెలుసు? నీ కళ్ళల్లో నీళ్ళు చూసి, పోన్లే పాపం, ఫెయిలైపోతుందని అలా అన్నా. నీకనే కాదు, అందరికీ అలాగే అన్నా. దానిది మొండితనం కాదు తల్లీ. నాలా అబద్ధం చెప్పడం దానికి రాదు, అంతే."

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. "నిజమేనా మేడం?" అని నన్ను అడిగింది.

హెడ్మిస్ట్రెస్ కూడా నా వైపే చూస్తోంది. నిజమే అంటే పందొమ్మిదేళ్ళ మార్కుల కాగితాలు చింపుకోవాలి. ఆ బడిలోనే నేను పాస్ చేసినవాళ్ళు ఆరుగురున్నారు. గడియారం చేతిలో పెట్టుకుని కూర్చున్న మనిషికి ఆ సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది? తెలుసు. మొదటి ఏడాది నుంచీ తెలుసు.

"పాపం, కంగారులో ఏదో అంటోంది" అన్నాను.

ఆ అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. "అదే కదా మేడం" అంది. హెడ్మిస్ట్రెస్ కాగితాన్ని ముందుకు జరిపింది. ఆయా నా వైపు చూడలేదు. కలం గట్టిగా పట్టుకుని, తన పేరు కూడబలుక్కుంటూ రాసింది.

ముగ్గురం వరండాలోకి వచ్చాం. పిల్ల అమ్మమ్మ కొంగు లాగి, "రేపు పుస్తకానికి అట్ట వేసుకు రమ్మన్నారు" అంది. ఆయా దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఏదో చెప్పబోయింది. పెదాలు అదిరిపోతున్నాయి. అదిరే పెదాల మీద ఆ పిల్లకి మాట దొరకలేదు.

"మళ్ళీ చెప్పు అమ్మమ్మా" అంది.

ఆయా మళ్ళీ ప్రయత్నించింది. కాలేదు. చివరికి వేలెత్తి నన్ను చూపించింది.

పిల్ల నా ముందుకొచ్చి నిలబడి, మెడ పైకెత్తి, రెప్ప వెయ్యకుండా నా నోటి వైపు చూడసాగింది. నేను పెదాలు బిగించుకుని అలాగే నిలబడ్డాను.