అయస్కాంతపు బిళ్ల మీద గాబ్రియేలు గాటు

మెదక్ బజార్ల కండ్లద్దాలు అరగదీసే గాబ్రియేలుది మస్తు తేలిక చెయ్యి. అద్దాన్ని రుద్దుతున్నవా, బుజ్జగిస్తున్నవా అని భార్య సౌభాగ్యమ్మ ఎక్కిరిచ్చేది. అరగదీసిన ప్రతి అద్దం అంచు మీద, ఫ్రేములకు పోయి కనవడకుండ, చిన్న గాటు పెట్టుడు ఆయన అలవాటు. రిపేరుకు మల్ల వస్తే తన పనో కాదో ఎర్కైతదని.

పట్నంకెల్లి తయారైన అద్దాలు దిగినంక చేతిపని అడిగేటోడు లేకుండ పోయిండు. దుకాణం కిరాయి కట్టుడే కష్టమైంది. గప్పుడు, డెబ్బై మూడుల, హవేలిఘనపూర్ పటేలు కొడుకు మదన్ మోహన్ వచ్చిండు. హైదరాబాదుల ఒక లాబొరేటరీల పెద్ద కొలువు ఆయనది. పొట్లంలకెల్లి మాత్రలంత బిళ్లలు తీసిండు. సమేరియం, కోబాల్టు అనే లోహాలు కలిపి, పొడి చేసి, ఒత్తి, కొలిమిల కాల్చినయట. వాటికింక అయస్కాంతం ఎక్కియ్యలేదు. ఎక్కిచ్చినంక, ఎదురుదిక్కుకెల్లి ఇంకో అయస్కాంతం ఎంత బలంగ తిప్పినా దాని దిక్కు తిరగని మొండితనం కావాల్నట. కొన్నిట్ల అది ఉంటది, కొన్నిట్ల ఉండది. ఎందుకో తెల్వాలంటే బిళ్లను నున్నగ మెరుగువెట్టి లోపలి గింజ చూడాలె. లాబొరేటరీల ఎవలు రుద్దినా పెచ్చులూడుతున్నయట. ఈ పని చేసిపెడితే పాలిషర్ పోస్టు నీకే ఇప్పిస్తనన్నడు.

సర్కారు కొలువంటే మాటలా మరి! రెండేండ్లు, ప్రతి శనివారం పొట్లం రావాలె, గాబ్రియేలు రుద్దాలె. అలవాటు కొద్ది ప్రతి బిళ్ల అంచుకు గాటు సుత పెట్టిండు. మదన్ మోహన్ ఒక పాత మైక్రోస్కోపు తెచ్చిచ్చిండు. మెరుగువెట్టిన మొఖం మీద మందు చుక్క వేసి చూస్తే గింజలు, వాటి గట్లు కనవడ్డయి. ఏ బిళ్ల నిలవడ్డదో, ఏది లొంగిందో, ఏది కొలిమిల ఎంతసేపు కాలిందో అడిగి తెలుసుకుంట, గాబ్రియేలు ఒకనాడు అసలు సంగతి పట్టిండు.

"పటేలా, గింజ రవ్వలెక్క సన్నగున్నయే నిలవడుతున్నయి. కొలిమిల ఎక్కువసేపు ఉంచినయాటికి గింజ పెసల్లెక్క ఉబ్బింది. పెద్ద గింజల ఒక్కకాడ తిరుగుడు షురువైతే గింజంత తిరిగిపోతది. సన్నదాంట్ల అయితే గట్టుకాడ ఆగుతది."

మదన్ మోహన్ గాబ్రియేలును అలుముకున్నడు. ఆ పూట వాళ్లింట్లనే కూసోని కోడికూర అడిగి పెట్టిచ్చుకొని తిన్నడు.

డెబ్బై అయిదుల ఇంటర్వ్యూ పడ్డది. లాబొరేటరీ పెద్దసారు పక్కన మదన్ మోహన్ సుత కూసున్నడు. నీకేం తెలుసని అడిగితే గాబ్రియేలు గింజల ముచ్చట చెప్పిండు. పెద్దసారు నివ్వెరపోయిండు. అచ్చం అదే మాట మదన్ మోహన్ రిపోర్టుల ఉంది. నీకెట్ల తెలుసంటే, ఆ బిళ్లలు మెదక్‌ల నేనే రుద్దిన అన్నడు గాబ్రియేలు. బిళ్లలు గేటు దాటి పోవొద్దని అక్కడి రూలు. పోయినట్టు తెలిస్తే మదన్ మోహన్ కొలువుకే ఎసరు. ఈ సంగతి ఆయన గాబ్రియేలుకు ఎన్నడు చెప్పలేదు.

"మా దిక్కు ఆయన సార్. ఇంటికాడ నేను మాట్లాడుతుంటే ఇన్నట్టుంది," అన్నడు మదన్ మోహన్.

బిళ్లల అంచు చూడుండ్రి, నా గాటుంటదని అన్నడు గాబ్రియేలు. పెద్దసారు ఒక బిళ్ల తెప్పిచ్చి భూతద్దం పెట్టి చూసిండు. గాటు ఉండనే ఉంది.

"అది నేను పెట్టిన గుర్తే సార్," అన్నడు మదన్ మోహన్, రెప్ప కొట్టకుండ. ఆ నోరెట్ల వచ్చిందో ఆ మనిషికి!

అబద్ధాలు చెప్పుడు మంచిది కాదని పెద్దసారు గాబ్రియేలును పంపించిండు.

రెండు వారాలకు మదన్ మోహన్ పొట్లం పట్టుకొని మల్ల దుకాణంకొచ్చిండు. ఆనాడు నిజం చెప్తే నా కొలువు పోయేదన్నా అన్నడు. మల్ల పోస్టు పడుతది, ఈసారి పక్కా అన్నడు. బిళ్లలు రుద్దేటోడు అక్కడ ఒక్కడు దొరుకుతలేడట.

గాబ్రియేలు ఒక బిళ్ల తీసి వెలుగుకు తిప్పి చూసిండు. మల్ల పొట్లంలనే పెట్టి, ముందుకు జరిపిండు.

"నన్ను ఎరగనంటే ఓర్సుకుందును పటేలా. నా చేతిపనిని మీదంటిరి. మీదే అయితే మీరే రుద్దుకోండ్రి."

మదన్ మోహన్ పొట్లం తీసుకొని దిగిపోయిండు. మంచిగ బుద్ధి చెప్పినవని సౌభాగ్యమ్మ అన్నది. గాబ్రియేలు పంచె చెంగుతోని మొఖం తుడుసుకున్నడు.

"తమ్మునోలె చూసుకున్ననే వాన్ని," అన్నడు.