పల్లీలు ఉండొచ్చట!

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, విజయవాడ నుంచి వస్తున్న మా బస్సు ఎల్బీనగర్ దగ్గర రాస్తారోకోలో ఆగిపోయింది. మా ఆరేళ్ళ పాప ఆకలని ఒకటే గొడవ. దానికి వేరుశెనగ పడదు, ఒక్క గింజ తిన్నా గొంతు వాచిపోతుంది. సగం మూసిన కొట్లో బిస్కెట్ ప్యాకెట్ కొన్నాను గానీ, వెనకున్న చీమతల అక్షరాలు నాకు ఆనలేదు.

రోడ్డు మీద బైఠాయించిన వాళ్ళలో కళ్ళజోడున్న పెద్దాయన ఒకరు కనిపించారు. నా యాస విని ఏమంటారోనని జంకుతూనే, "బాబాయ్ గారూ, ఇందులో వేరుశెనగ ఉందేమో కాస్త చూసి పెడతారా?" అన్నాను.

ఆయన నినాదం ఆపి, ప్యాకెట్ తిప్పి చదివారు.

"పల్లీలు ఉండొచ్చు అని రాసిండ్రమ్మా. ఉండొచ్చు అంటే ఏంది? ఉంటే ఉన్నయనాలె, లేకుంటే లేవనాలె. గిది గూడ ఢిల్లోళ్ళ మాట లెక్కనే ఉంది!"

చుట్టూ కూర్చున్నవాళ్ళు గొల్లుమన్నారు. నాకూ నవ్వు ఆగలేదు.

"మరి పెట్టమంటారా?"

"వద్దు బిడ్డా. గసొంటి మాటలు నమ్మి మేం మస్తు పరేషానైనం," అంటూ తన సంచిలోంచి రెండు అరటిపండ్లు తీసి పాపకిచ్చారు. "గివి తినిపియ్యి. వీటి మీద ఎవ్వడూ ఏం రాయలే."

పాప రెండూ తినేసింది. రోడ్డు తెరిచేదాకా నేనూ వాళ్ళ పక్కనే కూర్చున్నాను.